ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీతో ఏడేళ్లు: పాత రౌటర్ ఇంకా పనిచేస్తోంది

2017 అక్టోబరులో వైఫై భద్రతలో క్రాక్ అనే లోపం బయటపడింది. నా రౌటర్‌కు దాన్ని సరిచేసే అప్‌డేట్ వస్తుందని నెలల తరబడి చూశాను. రాలేదు. తయారీ కంపెనీ ఆ మోడల్‌ను అప్పటికే వదిలేసింది. కంపెనీ ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) బదులు వేసుకోగల ఉచిత ఓపెన్‌ సోర్స్ సిస్టమ్ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ. దాని వాళ్లు (అప్పట్లో లీడ్ అనే పేరుతో పనిచేసేవారు) మాత్రం అదే నెలలో సరిచేసిన వెర్షన్ ఇచ్చారు. మరుసటి ఏడాది 18.06 వెర్షన్ రాగానే నేనూ అందులోకి మారిపోయాను.

రౌటర్‌లో ఉన్నది మీడియాటెక్ ఎంటీ7621 చిప్, 128 ఎంబీ ర్యామ్, 16 ఎంబీ ఫ్లాష్ (స్టోరేజ్). ఇంత చిన్న పెట్టెలో పూర్తి లినక్స్ నడుస్తుంది. దీనికి మూలం లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ అనే రౌటర్. అందులో లినక్స్ వాడినందుకు జీపీఎల్ అనే ఓపెన్‌ సోర్స్ లైసెన్స్ ప్రకారం 2003లో సోర్స్ కోడ్ బయటపెట్టాల్సి వచ్చింది. ఆ కోడ్ ఆధారంగానే 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ మొదలైంది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఎస్‌క్యూఎం, అంటే ప్యాకెట్ల క్యూను అదుపులో ఉంచే సదుపాయం. ఇంట్లో ఒకరు పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేస్తుంటే ఇంకొకరి వీడియో కాల్ ముక్కలు ముక్కలుగా వినిపించేది. లైన్ స్పీడ్ తక్కువని ఏళ్ల పాటు అనుకున్నాను. అసలు కారణం అది కాదు, మోడెమ్ బఫర్ నిండిపోయి కాల్ ప్యాకెట్లు అప్‌లోడ్ ప్యాకెట్ల వెనక క్యూలో నిలబడుతున్నాయి. ఎస్‌క్యూఎంలో కేక్ అనే క్యూ పద్ధతిని ఎంచుకుని, వేగాన్ని లైన్ స్పీడ్‌లో 90 శాతానికి పరిమితం చేశాను. దాంతో క్యూ మోడెమ్‌లో కాకుండా రౌటర్‌లో ఏర్పడుతుంది, కేక్ అందరికీ సమానంగా పంచుతుంది. ఆ రోజు నుంచి కాల్స్ తెగలేదు. అయితే ప్రాసెసర్ మీద భారం బాగా పడుతుంది. ప్రాసెసర్ భారం తగ్గించే ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉంటే ఎస్‌క్యూఎం సరిగా పనిచేయదు, అది ఆఫ్ చేయాలి.

ఒక్కసారి మాత్రం చాలా టెన్షన్ పడ్డాను. 21.02లో ఈ చిప్‌కు స్విచ్ పోర్టులను నడిపే పద్ధతి డీఎస్ఏకి మారింది, పాత సెట్టింగ్స్ అందులో పనికిరావు. విడుదల నోట్స్ చదవకుండా వాటిని ఉంచి బలవంతంగా అప్‌గ్రేడ్ చేశాను. రౌటర్ అసలు పలకలేదు. చివరికి ఫెయిల్‌సేఫ్ (మన సెట్టింగ్స్ పక్కనపెట్టి ఆన్ అయ్యే మోడ్) కాపాడింది: ఆన్ అవుతూ లైట్ మిణుకుతున్నప్పుడు రీసెట్ బటన్ నొక్కి, కంప్యూటర్‌కు చేత్తో ఐపీ అడ్రస్ ఇచ్చి, ఎస్ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ ద్వారా కమాండ్లు ఇచ్చే పద్ధతి) లోపలికి వెళ్లి, సెట్టింగ్స్ చెరిపేసే ఫస్ట్‌బూట్ కమాండ్ ఇచ్చాను. అసలు సిస్టమ్ రాయడానికి వీల్లేని స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో భద్రంగా ఉంటుంది, మన మార్పులన్నీ దాని మీద పొరలా వేరే చోట ఉంటాయి. ఆ పొర చెరిపేస్తే చాలు. ఇంత చక్కటి ఏర్పాటు కంపెనీ ఫర్మ్‌వేర్‌లో నాకు కనిపించలేదు.

చిరాకులు లేకపోలేదు. అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా మనం విడిగా వేసుకున్న ప్యాకేజీలు పోయేవి, వాటి జాబితా రాసి పెట్టుకునేవాణ్ణి. ఆ ప్యాకేజీలను కూడా కలిపి అప్‌గ్రేడ్ చేసే అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ వాడటం మొదలుపెట్టాక ఆ బాధ తప్పింది. నా రౌటర్ వైఫై డ్రైవర్ ఎంటీ76 ఓపెన్‌ సోర్సే. బ్రాడ్‌కామ్ వైఫై ఉన్న రౌటర్లయితే చాలావాటిలో సరైన ఓపెన్‌ సోర్స్ డ్రైవర్ లేక వైఫై సరిగా పనిచేయదు. అందుకే కొనేముందు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ హార్డ్‌వేర్ పట్టికలో మోడల్‌తో పాటు దాని రివిజన్ నంబర్ కూడా చూడండి. ఒకే పేరుతో లోపల వేరే చిప్ పెట్టి అమ్ముతుంటారు. 4 ఎంబీ ఫ్లాష్ ఉన్న పాత రౌటర్లతో మాత్రం ప్రయత్నించకండి, కొత్త వెర్షన్లు వాటిలో పట్టవు.

నా దాంట్లో ఇప్పుడు 24.10 వెర్షన్ నడుస్తోంది, లినక్స్ కెర్నెల్ 6.6.