కారంపూడి వీరుల తిరునాళ్ల, పిడుగురాళ్ల లాడ్జి

ముందే చెప్తున్నా, పల్నాటి యుద్ధవీరుల పేరిట పల్నాడులోని కారంపూడిలో ఏటా జరిగే తిరునాళ్ల మీద నాకు పెద్దగా ఫిర్యాదుల్లేవు, నా కడుపుమంటంతా పిడుగురాళ్లలో దిగిన లాడ్జి మీదే. హైదరాబాద్ నుంచి నార్కెట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద కారులో హాయిగా వచ్చేశాం. లాడ్జివాడు ఫోన్లో ఏసీ రూము 1,400 అన్నాడు. నేనూ, మా ఆవిడా, అత్తగారూ, బావమరిదీ, నలుగురం కదా అని రెండు రూములు చెప్పాం. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్తే రూముకి 2,500. ఇదేంటయ్యా అంటే "తిరునాళ్ల కదా సార్, ఈ అయిదు రోజులే మాకు నాలుగు డబ్బులు" అన్నాడు, మొహంలో మొహమాటం అన్నదే లేదు. రాత్రి తొమ్మిదింటికి అత్తగారిని వెంటేసుకుని ఇంకో చోటు ఎక్కడ వెతుకుతాం, కట్టేశాం. ఏసీ రిమోటు కావాలంటే 500 డిపాజిట్ అట. ఆ చలిలో ఏసీ ఎవడిక్కావాలి, మాకు కావాల్సింది వేడినీళ్లు. గీజరు ఉంది కానీ దాని స్విచ్చి మా రూములో లేదు, కింద నుంచి వాళ్లే వేస్తారు, అదీ పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే. దుప్పటి దులిపితే తెల్లటి దుమ్ము లేచింది. ఊరి చుట్టూ సున్నపు బట్టీలే కాబట్టి గాలిలో దుమ్ముకి వాణ్ణి అనలేం, ఉతకని దుప్పటికి మాత్రం అనొచ్చు. ఖాళీ చేసే రోజు బిల్లులో "ఎక్స్‌ట్రా బెడ్ 300" అని కనబడింది, మేం అడిగిందీ లేదు, వాడు వేసిందీ లేదు. బావమరిది గొంతు పెంచాక కొట్టేశాడు. మీరు వెళ్తే రేటు వాట్సాప్‌లో అయినా రాయించుకోండి, ఫోన్లో మాట నీటి మీద రాతే.

ఇక అసలు సంగతి. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని ఇక్కడ ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు జరుపుతారు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. కవచాలు తొడుక్కుని టిక్కెట్టు పెట్టి ఆడే ప్రదర్శన అనుకుని వస్తే నిరాశపడతారు. రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ వీరాచారవంతులు, అంటే ఆ వీరులను కొలిచేవాళ్లు, కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు, మోసుకుంటూ వస్తారు, నాగులేటిలో స్నానాలవుతాయి, వీరుల గుడి, చెన్నకేశవస్వామి గుడి, అంకాలమ్మ గుడి చుట్టూనే అంతా నడుస్తుంది. ఎవరూ మీకు కథ విప్పి చెప్పరు. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు, గురజాల మంత్రి నాగమ్మ, మాచర్ల రాయబారి అలరాజు, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు, వీళ్ల కథ ముందే తెలుసుకుని వెళ్తేనే మజా.

మా బావమరిదికి తెలిసిందే ఎక్కువై ఒక పట్టు పట్టాడు. కథలో కోడిపందెంలో ఓడిపోయాక కదా బ్రహ్మనాయుడి పక్షం ఊరు వదిలింది, వనవాసం గడువు తీరాక కదా అలరాజు రాయబారానికి వెళ్లి విషంతో చచ్చిపోయింది, మరి ఇక్కడ రాయబారం రెండో రోజూ కోడిపోరు నాలుగో రోజూ ఏంటి అని కనబడినవాళ్లనల్లా అడుగుతున్నాడు. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన "కథ ఎట్టా ఉంటే ఏంది బాబూ, మా తాతల కాడ్నుంచీ వరస ఇదే" అని టీ చేతిలో పెట్టాక గానీ నోరు మూయలేదు. టీ పది రూపాయలు, బాగుంది.

మేం మందపోరు నాటికి చేరాం. ఆలమందను కాపాడబోయి పశువుల కాపరి లంకన్న ఒరిగిన ఘట్టం అది, కానీ నాకు గుర్తుండిపోయింది చాపకూడు. కులం చూడకుండా అందరూ ఒకే బంతిలో కూర్చుని తినాలని బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతి, దళితుడైన కన్నమదాసును కొడుకులా పెంచి సేనాపతిని చేసిన మనిషి కదా. మా అత్తగారు బయట అన్నం ముట్టరు, పెళ్లిళ్లలో కూడా అరటిపండు తిని వచ్చేస్తారు. నేను ఆవిడ కోసం బ్యాగులో బిస్కెట్లు పెట్టుకుని టెన్షన్ పడుతుంటే, ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని ఇద్దరు ముక్కూమొహం తెలియని ఆడవాళ్ల మధ్య చతికిలబడ్డారు. వేడన్నం, పప్పు, వంకాయ కూర, పలచటి సాంబారు. వడ్డించే కుర్రాడు ఆకులో సాంబారు పారిపోకుండా అన్నాన్ని గరిటె వెనకతో గట్టులా ఒత్తి మరీ పోశాడు. అత్తగారు మారు వడ్డించుకున్నారు. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచి చూపించింది, ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, ఏమైనా అంటే లేచిపోతారని భయం. ఒక్క రూపాయి తీసుకోలేదు.

కోడిపోరు నాడు జనం తలకాయలు చూశాం, పుంజులు చూడలేదు. వీరులు యుద్ధంలో ఒరిగిన ఘట్టం కళ్లిపాడు మాత్రం ఒదులుకోకూడదు. డప్పుల జోరుకి కొణతాలు పట్టుకున్నవాళ్లు ఊగిపోతూ వచ్చి దబ్బున నేలకొరుగుతారు. నా ముందే యాభై దాటిన మనిషి మట్టిలో వెల్లకిలా పడ్డాడు, మోకాలు కొట్టుకుని నెత్తురొచ్చింది, పక్కనున్న పిల్లాడు తువ్వాలు మడిచి ఆయన తల కింద పెట్టి, చేతిలోంచి జారిన ఆయుధం ఎవరూ తొక్కకుండా దాని పక్కనే కాపలా నిలబడ్డాడు. నటన అని నేను అనలేను. బావమరిది ఆపూట ఒక్క ప్రశ్న వేయలేదు. ఫోన్లు మొహం మీద పెట్టి తీయకండి, అక్కడివాళ్లకి నచ్చదు, నచ్చకపోవడం న్యాయమే.

పార్కింగుకి ఒక చేలో 100 తీసుకున్నారు, సాయంత్రం తిరిగొస్తే ఇంకొకడు వచ్చి 50 అడిగాడు, పొద్దున చీటీ చూపిస్తే పోయాడు, కాబట్టి చీటీ పారేయొద్దు. మరుగుదొడ్లు చాలవు, ఆడవాళ్లకి నిజంగా కష్టం. మంచినీళ్లు మోసుకెళ్లండి. తిరుగు ప్రయాణంలో మాచర్ల చెన్నకేశవస్వామి గుడి చూసి సాగర్ మీదుగా వచ్చేశాం, అక్కడ మెస్సులో 130కి గోంగూరతో భోజనం, పేచీ లేదు. అన్ని రోజులూ ఉండలేకపోతే మందపోరు, కళ్లిపాడు ఎంచుకోండి, కోడిపోరు వదిలేయొచ్చు. తేదీలు ఏటా మారతాయి, పంచాంగంలో కార్తీక అమావాస్య చూసుకుని దాన్ని ఒకటో రోజుగా లెక్కేసుకుంటే మందపోరు మూడో రోజు, భోజనానికి కూర్చోవాలంటే పొద్దున పదింటికల్లా ఊళ్లో ఉండండి.