వైద్య జలగలు: పెప్టైడ్లు ఉన్నాయని యాంటీబయాటిక్ మానేయొద్దు

ప్లాస్టిక్ సర్జరీ వార్డుల్లో వాడే బతికున్న జలగల సంగతి ఇది. బ్యాక్టీరియాను అడ్డుకునే పెప్టైడ్లు (చిన్న ప్రోటీన్ ముక్కలు) జలగలోనే ఉన్నాయి కదా, ఇక యాంటీబయాటిక్ ఎందుకని అనిపించొచ్చు. ఆ మాటకే ఈ జవాబు. ఫ్రాన్స్‌ కంపెనీ రికారింపెక్స్ జలగలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో వైద్య పరికరంగా అనుమతిచ్చింది. పేరుకు ‘హిరుడో మెడిసినాలిస్’ అయినా, అమ్ముడయ్యేవి ఎక్కువగా ‘హిరుడో వెర్బానా’ అని 2007లో డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది.

తెగాక అతికించిన వేలు ఉబ్బి ఊదారంగుకు తిరిగి, నొక్కి వదలగానే రంగు చటుక్కున తిరిగొస్తుంటే సిర మూసుకుపోయినట్టు. నిలిచిపోయిన రక్తాన్ని లాగేసే జలగ పని అక్కడే. పాలిపోయి చల్లబడ్డ వేలికి అది పట్టదు, పెట్టాల్సిన అవసరమూ లేదు. అక్కడ తేడా ధమనిలో ఉంది.

ఒక్కోటి 5 నుంచి 15 మి.లీ. తాగి తనే రాలిపోతుంది. అసలు లాభం ఆ తర్వాతే: జలగ లాలాజలంలో రక్తాన్ని గడ్డకట్టనీయని హిరుడిన్ వల్ల గాటు నుంచి గంటల తరబడి రక్తం ఊరుతూనే ఉంటుంది. అందుకే హిమోగ్లోబిన్ చూస్తూ ఉండాలి, రక్తం సిద్ధంగా పెట్టుకోవాలి.

ఇక పెప్టైడ్లు. న్యూరోమాసిన్, లంబ్రిసిన్ అనే పెప్టైడ్లు జలగ నాడీదండంలో దొరికాయి. అది తెగినప్పుడు బ్యాక్టీరియాను అడ్డుకుంటూనే నాడి మళ్లీ పెరగడానికి తోడ్పడతాయి. వీటి చుట్టం థెరోమాసిన్‌ను పక్షులను పట్టే మరో జాతి జలగలో ముందే కనిపెట్టారు. బాగానే ఉంది, కానీ ఈ కాపలా జలగ ఒంటికి, మన పుండుకు కాదు. దాని కడుపులో ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా హాయిగా కాపురముంటుంది. నా లెక్కలో జలగ వైద్యానికి 5కి 4 మార్కులు. మిగతా ఒకటి ఏరోమోనాస్ ఖాతాలోకే.

కాబట్టి మొదటి జలగ పెట్టకముందే సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ మొదలుపెట్టి, చికిత్స సాగినన్నాళ్లూ ఇస్తారు. దానికి లొంగని ఏరోమోనాస్ కూడా ఉంది గనుక జలగల నీళ్లు కల్చర్‌కు (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) పంపడం మంచిది.

జలగ పట్టకపోతే ముందు చర్మం మీద స్పిరిట్ వాసన ఉందేమో చూడండి, సెలైన్‌తోనే తుడవాలి. ప్లంజర్ (లోపల నొక్కే కడ్డీ) తీసేసిన సిరంజిలో జలగను వేసి చర్మంపై బోర్లిస్తే కావలసిన చోటే పడుతుంది. కరిచేది సన్నని కొన. లావు కొన అంటుకోవడం చూసి పట్టిందనుకుని మోసపోతారు. చుట్టూ గాజ్ (కట్టు కట్టే పలుచని గుడ్డ) కట్టకపోతే పక్కకు పాకిపోతుంది. లాగితే దవడ ముక్కలు గాయంలోనే ఉండిపోవచ్చు. ఉప్పు చల్లితే కడుపులోదంతా అక్కడే కక్కుతుంది, ఏరోమోనాస్‌తో సహా.

నిల్వకు క్లోరిన్ లేని నీళ్లు, చల్లని చోటు, గట్టి మూత. కుళాయి నీళ్లు నేరుగా పోస్తే చస్తాయి. వాడినవి 70 శాతం ఆల్కహాల్‌లో వేసి బయోమెడికల్ చెత్తలోకి పంపాలి. మన ఆయుర్వేదంలో పసుపుతో కక్కించి మళ్లీ వాడే పద్ధతి ఉంది. అక్కడైనా ఒకరి జలగ ఇంకొకరికి పెట్టకూడదు.