చిన్న దేశాల సైన్యాలపై ఆరు ఆదివారాల పాఠం: శ్రీకాకుళంలోని ఒక శిక్షణ కేంద్రంపై సమీక్ష

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో, ఒక మేడ పైఅంతస్తులో నడుస్తున్న శిక్షణ కేంద్రంలో మా మేనల్లుణ్ణి ఎస్‌ఎస్‌బీ అనే సైనికాధికారుల ఎంపిక ఇంటర్వ్యూ తయారీ కోసం చేర్పించాము. ఆరు వారాల కోర్సుకు 5,000 రూపాయలు, అచ్చు నోట్సుకు విడిగా 300 రూపాయలు తీసుకున్నారు. ఆదివారం జరిగే గ్రూప్ డిస్కషన్ తరగతులకు ఇంటి పెద్దలను వెనుక బెంచీ మీద కూర్చోనిస్తారు. సైన్యంలో సరఫరా విభాగంలో ఇరవై రెండేళ్ళు పనిచేసి వచ్చినవాణ్ణి గనుక ఆరు ఆదివారాలూ వెళ్ళి కూర్చున్నాను. మెచ్చుకోవలసినవాటితో పాటు తప్పులు కూడా రాయబోతున్నాను కాబట్టి కేంద్రం పేరు చెప్పడం లేదు.

ఇటువంటి చోట్ల సాధారణంగా క్షిపణుల పేర్లు, ట్యాంకుల లెక్కలు వల్లె వేయిస్తారు. ఇక్కడి మాస్టారు ఆ దారి వదిలి, చిన్న దేశాలు తమ సైనికులను విదేశాలకు పంపినప్పుడు ఎంతవరకు సొంత బలం మీద నిలబడగలవు, ఎక్కడ మిత్రుల చేయి పట్టుకోక తప్పదు అన్న ఒక్క అంశాన్నే ఆరు వారాలు నడిపించారు. ఈ ఎంపికకే సగం మార్కులు వేయవచ్చు.

మొదటి పాఠం కోర్సు మొత్తానికీ మేలైనది. 1961 సెప్టెంబరులో కాంగోలోని జాడోవిల్‌లో ఐక్యరాజ్యసమితి తరఫున కాపలా ఉన్న ఐర్లాండ్ కంపెనీని, సుమారు నూట యాభై మందిని, కాంగో నుంచి విడిపోయామని ప్రకటించుకున్న కటంగా రాష్ట్రపు బలగాలు చుట్టుముట్టాయి. వారికి సాయంగా బయలుదేరిన ఐరిష్ సైనికులు, మన గూర్ఖాలు లుఫీరా నది వంతెన దగ్గరే ఆగిపోవలసి వచ్చింది. శత్రువు చేతిలో ఉన్నది ఒక్క ఫూగా జెట్ విమానమే అయినా, ఐక్యరాజ్యసమితికి అప్పుడు అక్కడ యుద్ధవిమానం ఒక్కటీ లేకపోవడంతో ఆకాశం దానిదే అయింది. అయిదో రోజుకు తూటాలు, తాగునీరు అయిపోయి ఐరిష్‌వారు లొంగిపోయారు. ప్రాణాలతో అందరూ ఇల్లు చేరారు గాని, ఆ లొంగుబాటు మచ్చను దశాబ్దాల పాటు మోశారు. అంతవరకు ‘పాపం’ అని నవ్వుతున్న కుర్రాళ్ళను మాస్టారు అక్కడ ఆపి, ఆ తరువాతి నెలల్లో భారత కాన్‌బెరా బాంబర్లు, స్వీడన్, ఇథియోపియా విమానాలు వచ్చాకే ఆ ఆకాశం చేతులు మారిందని, ఆ డిసెంబరులోనే కటంగా రాజధాని ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా ప్రాణాలిచ్చి పరమవీరచక్ర పొందారని చెప్పారు. గది నిశ్శబ్దమైపోయింది. మరొకరికి మిత్రదేశంగా నిలబడే బాధ్యత మనకూ ఉంటుందని ఆ పిల్లలకు తట్టినట్టుంది. 1988 నవంబరులో తిరుగుబాటును అణచమని మాల్దీవులు పిలిచిన రాత్రే ఆగ్రా నుంచి మన పారాట్రూపర్లు అక్కడి విమానాశ్రయ ద్వీపం హుల్హులేలో దిగిన సంగతిని ఒక అమ్మాయి తనంతట తానే లేచి చెప్పింది.

న్యూజిలాండ్ పాఠంలో చర్చ రక్తి కట్టింది, కాని నోట్సు బోల్తా కొట్టింది. ఆ దేశానికి వైమానిక దళమే లేదని అచ్చు వేశారు. 2001లో వాళ్ళు రద్దు చేసుకున్నది యుద్ధవిమానాల విభాగాన్ని మాత్రమే. రవాణా విమానాలు, సముద్ర గస్తీ విమానాలు, హెలికాప్టర్లు నేటికీ ఉన్నాయి. అణ్వాయుధ నౌకలను రానివ్వనందుకు అమెరికా ఆ దేశాన్ని అంజుస్ అనే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికాల రక్షణ కూటమి నుంచి వెళ్ళగొట్టిందని కూడా రాశారు. 1986లో అమెరికా నిలిపివేసింది ఆ దేశం పట్ల తన రక్షణ బాధ్యతను. వెళ్ళగొట్టడానికీ దీనికీ ఉన్న తేడాను ఇంటర్వ్యూ బోర్డు పట్టుకోకుండా వదలదు. అయినా 1999లో ఆస్ట్రేలియా నాయకత్వాన తూర్పు తైమూరుకు, 2003 నుంచి పదేళ్ళ పాటు అఫ్గానిస్థాన్‌లోని బామియాన్‌కు సైనికులను పంపిన దేశాన్ని బరువు మోయనిదని అనవచ్చా అన్న ప్రశ్న మీద పిల్లలు గంటకు పైగా వాదించుకున్నారు. మా వాడు మాత్రం ఇంటికి వస్తూ, ‘మావయ్యా, విమానాలు లేకపోతే వాళ్ళను అంత దూరం ఎవరు దింపారు?’ అని అడిగాడు.

ఆరు వారాల్లోనూ ఎవరూ ముట్టుకోని ప్రశ్న సరిగ్గా అదే. హంగరీలోని పాపా స్థావరంలో మూడు సి-17 రవాణా విమానాలను పన్నెండు దేశాలు ఉమ్మడిగా పెట్టుకుని, ఎవరి వాటా గంటలు వారు వాడుకునే ఏర్పాటు 2009 నుంచి నడుస్తోంది. ఎస్టోనియా అందులో ఒకటి. దాని జనాభా సుమారు 13 లక్షలు, అంటే 2011 లెక్కల్లో 27 లక్షలున్న మా పాత శ్రీకాకుళం జిల్లాలో సగం. అఫ్గాన్ రాష్ట్రమైన హెల్మండ్‌లో బ్రిటిష్ దళాలతో కలిసి పోరాడి తొమ్మిది మందిని పోగొట్టుకున్న ఆ దేశం గగనతలానికి ఈనాటికీ నాటో మిత్రులు వంతులవారీగా కాపలా కాస్తున్నారు. ఇంత చక్కటి ఉదాహరణకు నోట్సులో ఒక్క వాక్యం కూడా దక్కలేదు. అలాగే సైన్యాలు తెచ్చే వాహనాలకు ఐక్యరాజ్యసమితి లెక్కల్లో వెట్ లీజు, డ్రై లీజు అని రెండు పద్ధతులుంటాయి: మొదటిదానిలో వాహనాన్ని తెచ్చిన దేశమే దాన్ని మరమ్మతు చేసి నడిపించుకోవాలి, రెండోదానిలో ఆ భారం సమితిది. లెబనాన్‌లో మా బెటాలియన్‌తో ఉన్న ఏడాదిలో బియ్యం, కూరలు, డీజిల్ వచ్చే లారీ కోసం ఎదురుచూసిన నాకు, సైనిక శక్తి గురించిన పాఠంలో ఆ లారీ ఊసే రాకపోవడం ఉప్పు మరిచిన పప్పులా తోచింది.

బోస్నియాలోని స్రెబ్రెనిత్సా పాఠం క్లుప్తంగా, బాగా చెప్పారు. 1995 జులైలో అక్కడున్న డచ్ సైనికులకు తేలికపాటి ఆయుధాలే ఉన్నాయని, వైమానిక సాయం రావాలంటే సమితి, నాటో రెండూ ఒప్పుకోవాలని, అనుమతి తిరిగి వచ్చేసరికి ఆలస్యమై ఆ పట్టణం సెర్బు బలగాల పాలైందని విడమరిచారు. ఫిజీని మాత్రం రెండు వాక్యాల్లో దాటేశారు. తొమ్మిది లక్షల మంది ఉన్న ఆ దేశం 1978 నుంచి లెబనాన్‌కు సైనికులను పంపింది. 2014లో సిరియా సరిహద్దు దగ్గరి గోలన్‌లో 45 మంది ఫిజీ సైనికులు తిరుగుబాటుదారులకు బందీలై రెండు వారాలకు విడుదలయ్యారు. జవాను పంపిన జీతంతో స్లాబు వేసుకున్న ఇళ్ళు వీధికి నాలుగున్న మా పల్లెల పిల్లలకు, దూరదేశపు కాపలా జీతం మీద నడిచే ఫిజీ కుటుంబాల సంగతి ఇట్టే అర్థమయ్యేది.

గది విషయానికి వస్తే, నలభై మందికి రెండు పంకాలు, కాంగో ఏదో కటంగా ఏదో తెలియనంత నల్లగా జిరాక్స్ తీసిన పటాలు. మాస్టారు మాత్రం ప్రశ్నను విసుక్కోరు, తెలియనిదాన్ని వచ్చే వారం చూసుకుని వస్తానంటారు, వస్తారు కూడా. నోట్సులోని తప్పులను ఎర్ర సిరాతో దిద్ది, విమానాలూ లారీల గురించి నాలుగు పేజీలు రాసి చేర్చి ఆయన చేతికిచ్చాను. సంక్రాంతి తరువాత మొదలయ్యే బ్యాచ్‌కు కొత్త ప్రతి వేస్తామన్నారు. చేరదలచినవారు డబ్బు కట్టే ముందు ఆ ప్రతిని అడిగి, న్యూజిలాండ్ పేజీ ఒకసారి తిప్పి చూసుకోండి.