పార్కిన్సన్స్‌కి ఫిజియోథెరపీ: 4 ఏళ్లు చేశాక నా అనుభవం

నాకు పార్కిన్సన్స్ అని తేలి 6 ఏళ్లు, ఫిజియోథెరపీ మొదలుపెట్టి 4 ఏళ్లు. చేతి వణుకు కన్నా నన్ను ఎక్కువ ఏడిపించినవి కాళ్లే. గుమ్మం దగ్గరికి రాగానే పాదాలు నేలకి అతుక్కుపోయేవి. ఒళ్లు ముందుకి తూలేది, కాలు మాత్రం లేచేది కాదు. వెనక నుంచి ఎవరైనా "పదండి, పదండి" అంటే టెన్షన్‌తో ఇంకా బిగుసుకుపోయేవాణ్ణి.

మొదట వెళ్లిన చోట 3 నెలలు నడుముకి కరెంటు, వేడి కాపడం పెట్టి పంపేవాళ్లు. నొప్పి కాస్త తగ్గిన మాట నిజమే. కానీ ఒక్కరోజు కూడా నన్ను నడిపించి చూడలేదు. ఆ 3 నెలలు వృథా అయ్యాయన్న బాధ ఇప్పటికీ పోలేదు.

నరాల జబ్బులకే ఫిజియో చేసే ఆవిడ దగ్గరికి మారాం. మొదటి రోజే కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోమని టైమ్ చూశారు. 24 సెకన్లు పట్టింది. అందులో ఎక్కువ భాగం వెనక్కి తిరిగే చోటే పోయింది.

గుమ్మం ముందు నేల మీద అడుగుకొకటి చొప్పున రంగు టేపుతో అడ్డగీతలు వేయించారు. గీత దాటాలి అనుకోగానే కాలు లేచింది! ఆలోచించకుండా నడిపించే మెదడు భాగం దెబ్బతింది కాబట్టి, కంటికి గీతో, చెవికి తాళమో ఆసరాగా ఇస్తే మెదడు వేరే దారిలో ఆ పని చేయిస్తుందట. బయట టేపు ఉండదుగా. అక్కడ నేల మీద పలకల అంచులే నా గీతలు.

తర్వాత పెద్ద కదలికల శిక్షణ: వారానికి 4 రోజులు, రోజుకో గంట, 4 వారాలు. చేయి బార్లా చాపాననే అనుకున్నాను, అద్దంలో చూస్తే సగమే లేచింది. నా కొలతే తప్పిపోయిందని ఆ రోజు అర్థమైంది.

వణుకు దీనితో తగ్గలేదు, తగ్గుతుందని ఆవిడా చెప్పలేదు. మాట మెత్తబడి సరిగా వినిపించకపోతుంటే, దానికి స్పీచ్ థెరపీ విడిగా చేయాల్సి వచ్చింది. ఒకసారి జ్వరం వచ్చి 2 వారాలు మానేస్తే అడుగులు మళ్లీ చిన్నవైపోయాయి. కాబట్టి ఇంట్లో రోజూ చేయగలిగితేనే మొదలుపెట్టండి. మందు బాగా పనిచేసే గంటలోనే చేయండి, నాకు ఆ తేడా చాలా కనిపించింది.

పోయిన నెల అదే కుర్చీ పరీక్షలో 15 సెకన్లు. వంటింటి గుమ్మం దగ్గర టేపు తీసేశాం. బాత్రూమ్ దగ్గరది ఇంకా ఉంది.