స్ట్రోక్ తర్వాత చేతికి ఏది: స్ప్రింగ్ తొడుగా, గాలి గ్లవ్సా?

స్ట్రోక్ తర్వాత చాలామందికి పిడికిలి ముడుచుకుపోయి, తెరుచుకోదు. ఆ చేతికి వ్యాయామం చేయించడానికి వాడేవే ఈ రెండూ.

పని: సేబోఫ్లెక్స్ లాంటి స్ప్రింగ్ తొడుగులో గ్లాసు పట్టుకోవాల్సింది మీరే. వదిలేటప్పుడు స్ప్రింగులు వేళ్లను తెరుస్తాయి. గాలి పంపు గ్లవ్స్‌లో మూయడం, తెరవడం రెండూ మిషనే చేస్తుంది. టీవీ చూస్తూ దానికే వదిలేస్తే వేళ్లు కదులుతాయి గానీ, మెదడుకు పెద్దగా పని పడదు. మిషన్‌తో పాటు మీరూ ప్రయత్నించాలి.

ఖర్చు: గాలి గ్లవ్స్ ఆన్‌లైన్‌లో వేలల్లోనే. స్ప్రింగ్‌ది ఖరీదెక్కువ, పైగా థెరపిస్టు కొలత చూసి బిగించాలి.

రిస్కు: స్పర్శ తగ్గిన చేతికి ఒత్తుకున్నా తెలియదు. తీశాక బొటనవేలి మొదట్లో ఎర్రగా కమిలిందేమో చూడండి.

వేళ్లు కాస్తయినా ముడవగలిగితే స్ప్రింగ్. అసలు కదలకపోతే గాలి గ్లవ్స్. వేళ్ల బిగుతు మరీ ఎక్కువుంటే కొనడం ఆపి, ముందు డాక్టరుకు చూపించండి.