జపనీస్ నేర్చుకోవడానికి తరగతి గది మేలా, ‘మినాతో’ ఆన్‌లైన్ వేదిక మేలా?
చెన్నైలో చదువుకునే తెలుగు విద్యార్థికి జపనీస్ నేర్చుకునేందుకు ఏబీకే-ఏఓటీఎస్ దోసోకై వంటి సంస్థల తరగతులు ఒక మార్గమైతే, జపాన్ ఫౌండేషన్ నడిపే మినాతో ఆన్‌లైన్ వేదిక మరొకటి. మినాతోలో స్వయంగా చదువుకునే కోర్సులకు రుసుము లేదు. సెమిస్టర్ పరీక్షల వేళ పాఠం ఆపేసినా అడిగేవారుండరు, ఇబ్బందీ అక్కడే వస్తుంది. తరగతికి ఫీజూ ప్రయాణమూ తప్పవు గానీ, కంజి అక్షరంలో ఏ గీత ముందో తడబడినప్పుడు గురువు అక్కడికక్కడే దిద్దుతారు, పక్కవారితో మాట్లాడిస్తారు. జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష అయిన జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు కనుక, తొలిమెట్టు అయిన ఎన్5 మాత్రమే లక్ష్యమైతే, క్రమశిక్షణ ఉన్నవారు మినాతోతో నెట్టుకురావచ్చు. చెన్నై పరిసరాల్లోని జపాన్ కంపెనీల్లో ఉద్యోగం ఆశించేవారికి మాత్రం, క్రియ చివర వచ్చే వాక్యక్రమం తెలుగువారికి ఎంత తేలిగ్గా పట్టుబడినా, నోరు తిరగాలంటే తరగతే మేలని నా అభిప్రాయం.