గోల్ఫ్ క్లబ్బు మర్యాదలు: ఏవి ఉండాలి, ఏవి మారాలి

మహబూబ్‌నగర్ నుంచి మిత్రులతో కలిసి హైదరాబాద్‌లోని ఒక గోల్ఫ్ క్లబ్బుకు అతిథిగా వెళ్లి ఆడాను. మైదానం నిర్వహణ ఎంతో బాగుంది. బంతి పడినచోట గ్రీన్‌పై, అంటే రంధ్రం చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డిపై, ఏర్పడే గుంటను సరిచేసేటప్పుడు చిన్న ఫోర్కును అంచున గుచ్చి గడ్డిని నడిమికి నెట్టాలే తప్ప, కింది నుంచి పైకి లేపితే వేళ్లు తెగుతాయని క్యాడీ (ఆటగాళ్ల సంచి మోస్తూ సాయపడే వ్యక్తి) మోకాళ్లపై కూర్చుని ఓపికగా చూపించారు. బంకర్ అనే ఇసుక గుంటలో అడుగుజాడలను చదును చేయడం, ఎదుటివారు కొట్టేటప్పుడు మాట్లాడకపోవడం కూడా ఇటువంటివే. తోటి ఆటగాళ్ల కోసం పెట్టిన ఈ నియమాలు పాతబడేవి కావు.

అయితే కాలర్ లేని టీషర్టు వేసుకున్నాడని మా వెంట వచ్చిన దేవరకొండ కుర్రవాణ్ణి లోపలికి రానివ్వక, అక్కడి దుకాణంలోనే కొత్తది కొనిపించడం నాకు ఏమాత్రం నచ్చలేదు. ఆట నియమాలే 2019లో మారి, పోయిన బంతిని వెతికే గడువు 5 నిమిషాల నుంచి 3 నిమిషాలకు తగ్గింది. స్కాట్లాండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్ క్లబ్బు సైతం 2017లో మహిళలకు సభ్యత్వం ఇవ్వడానికి ఓటు వేసింది. అటువంటప్పుడు శుభ్రమైన టీషర్టుపై ఇంత పట్టుదల దేనికి? కనీసం ఆ షరతును బుకింగ్ సమయంలోనే చెప్పాలి. మైదానానికి 5 నక్షత్రాలు, అతిథుల పట్ల తీరుకు 2 ఇస్తున్నాను.